ముందే జాబితా, ఒకే రోజు పరిశీలన, చేతికి రసీదు

స్కాలర్‌షిప్, ఫీజు రీయింబర్స్‌మెంట్ దరఖాస్తుల కాగితాలపై వినతిపత్రం

గౌరవనీయులైన జిల్లా కలెక్టర్ గారికి,
ప్రజావాణిలో సమర్పిస్తున్న వినతి.

సమర్పిస్తున్నవారు: జిల్లాలోని జూనియర్, డిగ్రీ, పాలిటెక్నిక్, ఇంజినీరింగ్ కళాశాలల విద్యార్థులు, వారి తల్లిదండ్రులు.

విషయం: ఈపాస్ పోర్టల్ ద్వారా పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్, ఫీజు రీయింబర్స్‌మెంట్ కోరే విద్యార్థులకు కావలసిన కాగితాల జాబితాను ముందుగా ప్రకటించాలని, పరిశీలనకు తేదీ, సమయం కేటాయించాలని, అందుకున్న కాగితాలకు రసీదు ఇవ్వాలని కోరుతూ.

కలెక్టర్ గారూ,

మా పిల్లలకు స్కాలర్‌షిప్ అర్హత లేదని ఎవరూ అనడం లేదు. ఆదాయం పరిమితిలోనే ఉంది, సీటు వచ్చింది, క్లాసులకు వెళ్తున్నారు. అయినా ఏటా కొందరు కాగితం దగ్గర ఆగిపోతున్నారు. ఒకరికి మెమోలో, ఆధార్‌లో పేరు కలవదు. ఒకరికి ఆదాయ ధ్రువీకరణ గడువులోగా చేతికి రాదు. ఇంకొకరు అన్నీ ఇచ్చామనుకుంటారు, ఫలానా కాగితం లేదని నెలల తర్వాత తెలుస్తుంది. అప్పటికి పోర్టల్ మూసేసి ఉంటుంది.

మేము కోరేది నాలుగు మాటల్లో చెప్పవచ్చు. ప్రభుత్వం దగ్గర ఇప్పటికే ఉన్న కాగితాన్ని మళ్లీ విద్యార్థి చేత మోయించవద్దు. విద్యార్థి తేవలసినవి ఏవో అడ్మిషన్లకు ముందే చెప్పండి. వాటిని చూడటానికి ఒక రోజు, ఒక చోటు పెట్టండి. చూశాక రసీదు ఇవ్వండి. ఈ వినతిలో మిగతాదంతా ఈ నాలుగు మాటల వివరమే.

ఈ సాయం వెనక ఉన్న మాట

ఈ స్కాలర్‌షిప్ ఎవరి దయతోనో వచ్చింది కాదు. 1942 అక్టోబరులో డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ వైస్రాయ్ లిన్‌లిత్‌గోకు ఇచ్చిన వినతిపత్రంలో షెడ్యూల్డ్ కులాల పిల్లల ఉన్నత విద్యకు ప్రభుత్వమే డబ్బు పెట్టాలని అడిగారు. 1944లో పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ మొదలైంది. బలహీన వర్గాల, ముఖ్యంగా ఎస్సీ, ఎస్టీల విద్యా ప్రయోజనాలను ప్రత్యేక శ్రద్ధతో పెంపొందించాలని రాజ్యాంగం 46వ అధికరణ ఆదేశించింది. ఉమ్మడి రాష్ట్రంలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంట్‌ను బీసీలకు, ఆ తర్వాత ఈబీసీలకు విస్తరించాక, తమ మొదటి ఇంజినీరునో మొదటి నర్సునో చూసుకున్న ఊళ్లు మా జిల్లాలోనూ ఉన్నాయి. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ఎస్సీ పోస్ట్‌మెట్రిక్ పథకానికి అయిదేళ్ల కాలానికి రూ. 59,048 కోట్లు ఆమోదించింది. అందులో 60 శాతం కేంద్రం భరించాలని, సాయం నేరుగా విద్యార్థి ఖాతాలో పడాలని నిర్ణయించింది.

రాజ్యాంగ ఆదేశం ఉంది, పథకం ఉంది, బడ్జెట్ ఉంది. వాటికీ విద్యార్థికీ మధ్య మిగిలింది కాగితాల కట్ట ఒక్కటే. ఆ కట్ట సిద్ధం చేయడం ఇంట్లో చదువుకున్నవాళ్లు ఉన్న పిల్లలకు ఇబ్బంది కాదు. ఈ సాయం ఎవరి కోసం పుట్టిందో ఆ ఇళ్లలోనే, తొలి తరం విద్యార్థులకే అది కష్టం.

దరఖాస్తు నడిచే దారి

విద్యార్థి ఈపాస్‌లో పదో తరగతి హాల్‌టికెట్ నంబరు, ఆధార్ నంబరు, మీసేవ ఇచ్చిన కుల, ఆదాయ ధ్రువీకరణల నంబర్లు, బ్యాంకు ఖాతా వివరాలు నింపాలి. ప్రింటు తీసి, సంతకం చేసి, జిరాక్సులు జతపరిచి కళాశాలలో హార్డ్ కాపీ ఇవ్వాలి. ఆధార్ ధ్రువీకరణ కోసం బయోమెట్రిక్ వేయాలి. కళాశాల పరిశీలించి పైకి పంపాక సంబంధిత సంక్షేమ శాఖ అధికారి మంజూరు చేస్తారు. తర్వాత బిల్లు ట్రెజరీకి వెళ్తుంది. ఆపై విడుదల కోసం ఎదురుచూపు.

ఈ మెట్లలో ఒక్కటి తప్పినా ఏడాది ఫీజు ఇంటి మీద పడుతుంది. ఇంజినీరింగ్‌లో చేరిన బీసీ విద్యార్థికి ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్‌లో 10,000 లోపు ర్యాంకు లేకపోతే ప్రభుత్వం ఇచ్చేది ఏడాదికి రూ. 35,000. గ్రామాల్లో బీసీ, ఈబీసీ కుటుంబాలకు ఆదాయ పరిమితి రూ. 1.5 లక్షలు. అంటే పరిమితి అంచున ఉన్న ఇంటికి కూడా ఆ 35,000 దాదాపు మూడు నెలల సంపాదన. ఒక్క జిరాక్సు తక్కువైనందుకు మూడు నెలల సంపాదనంత అప్పు చేయవలసి రావడం న్యాయం కాదు.

ఎక్కడ ఆగిపోతున్నారు

పేరు దగ్గర. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ముందు ఉంటుంది. ఆధార్‌లో అదే ఇంటిపేరు ఒక్క అక్షరమై వెనక చేరుతుంది. రెండు పేర్లూ ఒకరివే అని మనుషులకు తెలుస్తుంది, పోర్టల్‌కు తెలియదు. దిద్దుకోవడానికి ఆధార్ కేంద్రానికి వెళ్తే అక్కడ ఇంకో కట్టుబాటు: పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోవచ్చు, పుట్టిన తేదీ ఒక్కసారే. గడువు తరుముతుంటే ఎవరో చెప్పినట్టు మార్చుకుని, అది కూడా మెమోతో కలవకపోతే ఆ విద్యార్థికి మిగిలేది ఒక్క అవకాశమే.

ఆదాయ, కుల ధ్రువీకరణల దగ్గర. మీసేవ పౌరసేవా గడువు ప్రకారం ఆదాయ ధ్రువీకరణకు 7 రోజులు, కుల, స్థానికత, జనన తేదీలు కలిపి ఇచ్చే ధ్రువీకరణకు 30 రోజులు పడుతుంది. కొన్ని గిరిజన తెగలకు కుల ధ్రువీకరణ ఆర్డీఓ స్థాయిలో జరగాలి. అడ్మిషన్ల రోజుల్లో మండలమంతా ఒకేసారి దరఖాస్తు చేస్తుంది గనుక ఆ గడువులు నిలబడవు. 2020లో వీఆర్‌ఓ వ్యవస్థ రద్దయ్యాక ఊళ్లో విచారించి చెప్పే మనిషి లేక భారమంతా తహసీల్దార్ కార్యాలయాల మీద పడింది. 2025లో గ్రామ పాలన అధికారులను నియమించారు కాబట్టి ఆ విచారణను ఊళ్లోనే ముగించే వీలు మళ్లీ వచ్చింది.

తండ్రి దగ్గర. ఆదాయ ధ్రువీకరణ మామూలుగా తండ్రి పేరు మీద అడుగుతారు. తండ్రి ముంబయికో పుణెకో వలస పోయి ఉంటే, ఇల్లు వదిలి వెళ్లిపోయి ఉంటే, చనిపోయినా మరణ ధ్రువీకరణ తీసుకోకపోయి ఉంటే ఆ ఇంటి పిల్లలు ఏ కాగితం చూపాలో చెప్పేవాళ్లు ఉండరు. తల్లి ఒక్కతే ఇల్లు నడుపుతున్న పిల్లలు అందరికన్నా ముందు సాయం అందుకోవలసినవాళ్లు. అందరికన్నా ఎక్కువ తిరుగుతున్నదీ వాళ్లే.

బోనఫైడ్‌ల దగ్గర. రాజ్యాంగం 371-డి అధికరణ కింద వచ్చిన ఉత్తర్వుల ప్రకారం స్థానికతను చదివిన చోటును బట్టి తేలుస్తారు. అందుకే ఏడేళ్ల చదువు లెక్క అడుగుతారు. ఒకే బడిలో చదివితే సులువే. అయిదో తరగతి వరకు ఊళ్లో, ఏడు వరకు మండలంలో, ఆపైన గురుకులంలో చదివినవాళ్లు మూడు బళ్లు తిరగాలి. అందులో ఒకటి ప్రైవేటు బడి అయి, మూతపడి ఉంటే రికార్డు ఎవరి దగ్గర ఉందో వెతకడమే పెద్ద పని అవుతుంది.

వేలిముద్ర దగ్గర. ఆధార్ నియమాల ప్రకారం 15 ఏళ్లు నిండాక బయోమెట్రిక్ కొత్తగా ఇవ్వాలి. 15 నుంచి 17 ఏళ్ల మధ్య ఇది ఉచితం. ఈ సంగతి తెలియని పిల్లలు చిన్నప్పుడు ఇచ్చిన వేలిముద్రలతోనే ఇంటర్‌కు వస్తున్నారు. సెలవుల్లో పత్తి ఏరి, ఇటుకలు మోసి, బీడీలు చుట్టి ఇంటికి ఆసరా అయిన చేతుల మీద గీతలు అరిగిపోతాయి. యంత్రం వాళ్లను గుర్తుపట్టదు.

బ్యాంకు దగ్గర. ఆధార్ ద్వారా పంపే డబ్బు ఎన్‌పీసీఐ మ్యాపింగ్‌లో చివరిగా జతైన ఖాతాకు వెళ్తుంది, దరఖాస్తులో రాసిన ఖాతాకు కాదు. ఈ తేడా తెలియక డబ్బు రాలేదని తిరిగేవాళ్లున్నారు. ఏడాదికోసారి వచ్చే మెయింటెనెన్స్ ఫీజు (ఎంటీఎఫ్) తప్ప వేరే లావాదేవీ లేదని ఖాతా స్తంభింపజేసే శాఖలూ ఉన్నాయి. 2024 జనవరి 1న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఉత్తర్వు స్కాలర్‌షిప్, ప్రభుత్వ పథకాల కోసం తెరిచిన జీరో బ్యాలెన్స్ ఖాతాలను రెండేళ్లు వాడలేదన్న కారణంతో నిష్క్రియ ఖాతాల్లో చేర్చకూడదని చెప్పింది. ఆ ఏడాది ఏప్రిల్ 1 నుంచి అది అమల్లో ఉంది. కౌంటర్ దగ్గర నిలబడ్డ పద్దెనిమిదేళ్ల పిల్ల ఆ ఉత్తర్వు గురించి మాట్లాడగలదా?

ఒరిజినళ్ల దగ్గర. ప్రభుత్వం నుంచి ఫీజు రాలేదని టీసీ, మెమోలు ఆపే పద్ధతి కొనసాగుతోంది. ఒరిజినల్ సర్టిఫికెట్లను పరిశీలించి వెంటనే తిరిగి ఇవ్వాలని, తమ దగ్గర ఉంచుకోకూడదని యూజీసీ 2018 అక్టోబరులోనే స్పష్టంగా ఉత్తర్వు ఇచ్చింది. 2025లో ప్రైవేటు కళాశాలల యాజమాన్యాలు బకాయిల కోసం కళాశాలలు మూసి నిరసన తెలిపాయి. వారి ఇబ్బంది నిజమే. కానీ ప్రభుత్వానికీ యాజమాన్యానికీ మధ్య ఉన్న లెక్కకు విద్యార్థి మెమో తాకట్టు కాకూడదు.

మార్గం మన రాష్ట్రంలోనే ఉంది

మేము కొత్త విధానం కనిపెట్టమని అడగడం లేదు. ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో విద్యార్థి స్లాట్ బుక్ చేసుకుంటే, చెప్పిన రోజున, చెప్పిన సమయానికి హెల్ప్‌లైన్ కేంద్రంలో సర్టిఫికెట్లు పరిశీలిస్తారు. ఏవేవి తేవాలో ముందే ప్రకటిస్తారు. పదో తరగతి, ఇంటర్ మెమోలు, బోనఫైడ్‌లు, టీసీ, కుల, ఆదాయ ధ్రువీకరణలు, ఆధార్ అన్నీ అక్కడ చూస్తారు. సీటు ఇవ్వడానికి ప్రభుత్వానికి ఒక పూటలో సరిపోయిన పరిశీలన, అదే సీటుకు ఫీజు ఇవ్వడానికి నెలల తరబడి ఎందుకు సాగాలి? సీటుకు చెల్లిన కాగితాలు ఫీజుకూ చెల్లాలన్నదే మా వాదన.

జిల్లా స్థాయిలో తమరు చేయగలిగినవి

1. జాబితా. కావలసిన కాగితాల పట్టికను తెలుగులో, ఉర్దూలో ఒకే పేజీలో అచ్చు వేయించి, ఏటా మే నెలలోనే ప్రతి కళాశాల, మీసేవ కేంద్రం, సంక్షేమ హాస్టల్, గ్రామ పంచాయతీ గోడ మీద పెట్టించాలి. కొత్తవారికి వేరుగా, రెన్యువల్ వారికి వేరుగా ఉండాలి. జాబితాలో లేని కాగితం ఏ కార్యాలయమూ అడగకూడదని ఆ పేజీ మీదే రాయాలి. తండాల్లో, గూడేల్లో వారి భాషలో వివరించగల మనిషిని ఏర్పాటు చేయాలి.

2. తేదీ, సమయం. ప్రతి విద్యార్థికీ పరిశీలన రోజును, సమయాన్ని కనీసం 30 రోజుల ముందు చెప్పాలి. ఆ రోజు కళాశాలలోనే కళాశాల సిబ్బంది, సంక్షేమ శాఖ ప్రతినిధి, మీసేవ ఆపరేటర్, ఆధార్ కిట్, బ్యాంకు ప్రతినిధి ఒకే చోట ఉండాలి. ఒక బల్ల దగ్గర తేలిన లోపం పక్క బల్ల దగ్గర తీరిపోవాలి. ఊరి బస్సు వేళలు చూసి సమయాలు ఇవ్వాలి. పరీక్షల రోజులు తప్పించాలి.

3. రసీదు. హార్డ్ కాపీ ఇచ్చిన ప్రతి విద్యార్థికి ఏయే కాగితాలు అందాయో, ఏ తేదీన అందాయో రాసి, ముద్ర వేసి రసీదు ఇవ్వాలి. కాగితం కార్యాలయంలో పోతే ఆ రసీదే ఆధారం కావాలి. మళ్లీ తెచ్చే భారం విద్యార్థి మీద వేయకూడదు.

4. లోపాలన్నీ ఒకేసారి. లోపం ఉంటే మొత్తం లోపాలను ఒకే కాగితం మీద తెలుగులో రాసి ఇవ్వాలి. దిద్దుకోవడానికి కనీసం 15 రోజులు ఇవ్వాలి. ఆ కాగితం ఇవ్వకుండా ఏ దరఖాస్తునూ తిరస్కరించకూడదు.

5. ఊళ్లోనే ఆదాయ, కుల విచారణ. మే, జూన్ నెలల్లో గ్రామ పాలన అధికారుల ద్వారా గ్రామాల వారీగా శిబిరాలు పెట్టి, ఇంటర్, డిగ్రీలో చేరబోయే పిల్లల ధ్రువీకరణలు అడ్మిషన్లకు ముందే పూర్తి చేయాలి. ఏ రోజు ఏ ఊళ్లో శిబిరమో ముందు టముకు వేయించాలి.

6. తల్లి పేరు మీద ధ్రువీకరణ. తండ్రి లేని, దూరంగా ఉన్న, జాడ తెలియని ఇళ్లలో తల్లి లేదా సంరక్షకుల పేరు మీద ఆదాయ ధ్రువీకరణ ఇవ్వాలని తహసీల్దార్లందరికీ లిఖితపూర్వక ఆదేశం ఇవ్వాలి. ఆ ఆదేశం నకలు మీసేవ కేంద్రాల్లో ఉండాలి.

7. మూతపడిన బళ్ల రికార్డు. అలాంటి బడిలో చదివినవారికి మండల విద్యాధికారి తన దగ్గరి ఆన్‌లైన్ రికార్డులు చూసి ఒకే పత్రంలో చదువు వివరాలు ధ్రువీకరించాలి. పాఠశాలల విద్యార్థి వివరాలు యూడైస్‌లో ఏటా నమోదవుతున్నాయి. వాటిని వాడుకోవడమే కావలసింది.

8. పేరు తొమ్మిదిలోనే సరిచేయాలి. పదో తరగతి నామినల్ రోల్ తయారయ్యే ముందే ప్రతి బడిలో ఆధార్ పేరు, పుట్టిన తేదీ, బడి రికార్డు మూడూ సరిపోల్చి చూడాలి. అదే శిబిరంలో 15 ఏళ్ల బయోమెట్రిక్ అప్‌డేట్ కూడా చేయాలి. ఈ ఒక్క పని మూడేళ్లు సక్రమంగా జరిగితే కళాశాల స్థాయిలో సగం తగవులు పుట్టవు.

9. బ్యాంకులు. జిల్లా బ్యాంకర్ల సమావేశంలో రిజర్వు బ్యాంకు ఉత్తర్వును అన్ని శాఖలకూ గుర్తు చేయాలి. ఆధార్ ఏ ఖాతాకు మ్యాప్ అయిందో అడిగిన విద్యార్థికి అక్కడికక్కడే చెప్పాలి.

10. ఒరిజినళ్లు. ఏ కళాశాల అయినా మెమో, టీసీ ఆపితే ఫిర్యాదు చేయడానికి కలెక్టరేట్‌లో ఒక అధికారిని నియమించి, వారి ఫోన్ నంబరు ఆ ఒక పేజీ జాబితా కిందే ముద్రించాలి.

తమరు ప్రభుత్వానికి పంపవలసినవి

కొన్ని పనులు జిల్లా పరిధి దాటినవి. తమ సిఫారసుతో వాటిని ప్రభుత్వానికి పంపాలని కోరుతున్నాం.

మొదటిది, ఒకసారి పరిశీలించినవి మళ్లీ అడగకపోవడం. ఎప్‌సెట్ కౌన్సెలింగ్‌లో, డిగ్రీ ప్రవేశాల దోస్త్‌లో పరిశీలన పూర్తయిన వివరాలు నేరుగా ఈపాస్‌కు చేరాలి. పదో తరగతి బోర్డు, ఇంటర్ బోర్డు, మీసేవ మూడూ ప్రభుత్వానివే. వాటి మధ్య జిరాక్సులు మోసే పని విద్యార్థిది కాకూడదు.

రెండవది, రెన్యువల్. కులం ఏటా మారదు. స్థానికతా మారదు. ఒక కోర్సుకు ఒకసారి చూసినవి ఆ కోర్సు పూర్తయ్యే దాకా చెల్లాలి. ఆదాయంలో మార్పు లేకపోతే తల్లి లేదా తండ్రి సంతకం చేసిన స్వీయ ప్రకటన చాలాలి. అనుమానం ఉన్న చోట విచారణ జరపవచ్చు.

మూడవది, పేరులో చిన్న తేడాలు. పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు, ఫొటో సరిపోయినప్పుడు ఇంటిపేరు ముందో వెనకో ఉన్నదని, ఒక అక్షరం ఎక్కువో తక్కువో అని దరఖాస్తు ఆపకూడదు. ప్రిన్సిపాల్ ధ్రువీకరణతో దాన్ని అనుమతించాలి.

నాలుగవది, వేలిముద్రకు ప్రత్యామ్నాయం. వేలిముద్ర పడకపోతే ముఖ గుర్తింపు, ఓటీపీ, అవీ కుదరకపోతే ప్రిన్సిపాల్ సమక్షంలో సంతకం, ఈ వరుస నిబంధనల్లోనే ఉండాలి. చేతులు అరగడం నేరం కాదు.

అయిదవది, క్యాలెండర్. పోర్టల్ ఎప్పుడు తెరుస్తారో, ఎప్పుడు మూస్తారో విద్యా సంవత్సరం మొదట్లోనే ప్రకటించాలి. గడువును ముక్కలు ముక్కలుగా పొడిగించడం మేలులా కనిపిస్తుంది గానీ, ఏ గడువు అసలైనదో తెలియక చివరికి నష్టపోయేది సమాచారం అందని పిల్లలే.

ఆరవది, బకాయిలు. కాగితాలన్నీ సరిగా ఉన్నా డబ్బు రాకపోతే ఇదంతా వృథా. పెండింగ్ బిల్లుల విడుదలకు కాలపరిమితి ప్రకటించాలి. ప్రతి విద్యార్థికి తన బిల్లు ఏ దశలో ఉందో తెలుగులో ఎస్సెమ్మెస్ రావాలి.

ఏడవది, ఆదాయ పరిమితి. ఎస్సీ విద్యార్థుల కేంద్ర పథకంలో పరిమితి రూ. 2.5 లక్షలు. బీసీ, ఈబీసీలకు గ్రామాల్లో రూ. 1.5 లక్షలు, పట్టణాల్లో రూ. 2 లక్షలు. తల్లీ తండ్రీ ఇద్దరూ ఏడాది పొడుగునా కూలికి వెళ్తే బీసీ, ఈబీసీల అంకెలు దాటిపోవచ్చు. పరిమితి అందరికీ కనీసం రూ. 2.5 లక్షలు చేయాలి.

మా వంతు

అడగడంతో మా పని అయిపోయిందని అనుకోవడం లేదు. ప్రతి కళాశాలలో పై తరగతి విద్యార్థులు కొత్తవారికి దరఖాస్తు నింపడంలో సాయం చేస్తారు. పరిశీలన రోజు వరుసలు, టోకెన్లు చూసుకోవడానికి ముందుకు వస్తారు. తల్లిదండ్రులుగా మేము ఆదాయం దాచి రాయం, దళారీకి డబ్బిచ్చి కాగితం కొనం. జాబితా, తేదీ ముందే తెలిస్తే దళారీ అవసరమే ఉండదు. సమాచారం దాగిన చోటే దళారీ బతుకుతాడు.

మే నెలలోపు ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ సంక్షేమ శాఖలు, రెవెన్యూ, విద్య, లీడ్ బ్యాంకు అధికారులతో ఒక సమావేశం ఏర్పాటు చేసి, మా ప్రతినిధులను పిలవాలని కోరుతున్నాం. ఈ వినతిపై తీసుకున్న చర్యను లిఖితపూర్వకంగా తెలియజేయాలని ప్రార్థిస్తున్నాం. పైన రాసిన పది అంశాల్లో జాబితాకు, తేదీకి, రసీదుకు కొత్త చట్టం గానీ కొత్త బడ్జెట్ గానీ అక్కర్లేదు. తమ సంతకంతో వెలువడే ఒక్క ఉత్తర్వు చాలు. వచ్చే విద్యా సంవత్సరానికి ఆ ఉత్తర్వు కోసం ఎదురుచూస్తుంటాం.

ఇట్లు,
భవదీయులు,
జిల్లాలోని స్కాలర్‌షిప్ విద్యార్థులు, వారి తల్లిదండ్రులు

ప్రతులు: ఎస్సీ, గిరిజన, బీసీ, మైనారిటీ సంక్షేమ శాఖల జిల్లా అధికారులకు, జిల్లా విద్యాధికారికి, జిల్లా ఇంటర్మీడియట్ విద్యాధికారికి, లీడ్ బ్యాంకు మేనేజరుకు.

అనుబంధం: గోడ మీద పెట్టవలసిన జాబితాకు మా నమూనా

ఈ జాబితా చూసిన వెంటనే
- పదో తరగతి మెమో, ఆధార్ పక్కపక్కన పెట్టి పేరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు అక్షరం అక్షరం సరిచూసుకోండి. తేడా ఉంటే ఇప్పుడే దిద్దుకోండి. ఆధార్‌లో పేరు మార్చే అవకాశం రెండుసార్లే, కాబట్టి మెమోలో ఉన్నట్టే రాయించుకోండి.
- 15 ఏళ్లు దాటాక ఆధార్ బయోమెట్రిక్ అప్‌డేట్ చేయించుకోకపోతే చేయించుకోండి.
- కుల ధ్రువీకరణ లేకపోతే మీసేవలో దరఖాస్తు చేయండి. 30 రోజులు పట్టవచ్చు.

పరిశీలన రోజుకు ఒక నెల ముందు
- ఆదాయ ధ్రువీకరణకు మీసేవలో దరఖాస్తు చేయండి. పాతదైతే గడువు తేదీ చూసుకోండి.
- చదివిన బళ్ల నుంచి బోనఫైడ్‌లు తెచ్చుకోండి. బడి మూతపడి ఉంటే మండల విద్యాధికారిని కలవండి.
- మీ ఆధార్ ఏ బ్యాంకు ఖాతాకు మ్యాప్ అయిందో బ్యాంకులో అడగండి. డబ్బు ఆ ఖాతాకే వస్తుంది.

ఒక వారం ముందు
- ఈపాస్ దరఖాస్తు నింపి ప్రింటు తీయండి. మీసేవ నంబర్లు, ఖాతా నంబరు మరొకరి చేత చదివించి సరిచూసుకోండి.
- పదో తరగతి, ఇంటర్ మెమోలు, టీసీ, ఆధార్, రేషన్ కార్డు, కుల, ఆదాయ ధ్రువీకరణలు, బోనఫైడ్‌లు, అలాట్‌మెంట్ ఆర్డర్, పాస్‌బుక్ మొదటి పేజీ, ఇవన్నీ రెండేసి జిరాక్సులు తీయండి. ఒక కట్ట ఇవ్వడానికి, ఒక కట్ట ఇంట్లో ఉంచుకోవడానికి.
- తండ్రి లేకపోతే మరణ ధ్రువీకరణ, లేదా తల్లి పేరు మీద తీసుకున్న ఆదాయ ధ్రువీకరణ పెట్టుకోండి.

ఆ రోజు
- ఒరిజినళ్లు చూపించండి, ఇచ్చి రావద్దు. చూసిన వెంటనే తిరిగి తీసుకోండి.
- ఆధార్‌కు జతైన ఫోన్ వెంట తెచ్చుకోండి. ఓటీపీ దానికే వస్తుంది.
- ఏదైనా తక్కువైతే అన్ని లోపాలూ ఒకే కాగితం మీద రాయించుకోండి.
- రసీదు తీసుకున్నాకే బయటికి రండి. కోర్సు పూర్తయ్యే వరకు దాన్ని భద్రంగా ఉంచుకోండి. ఆపై ప్రతి నెలా క్లాసుల హాజరు 75 శాతానికి తగ్గకుండా చూసుకోండి. తగ్గితే మంజూరైన సాయం కూడా ఆగిపోతుంది.